ఫైర్‌వాల్‌కు తెలియని సొంత అప్లికేషన్ ట్రాఫిక్‌ను గుర్తుపట్టించడం ఎలా?

సంస్థలో సొంతంగా రాసుకున్న ప్రోగ్రాంకు ఫైర్‌వాల్ దగ్గర పేరుండదు. తయారీదారు ఇచ్చే సిగ్నేచర్ల (ఒక్కో అప్లికేషన్‌ను గుర్తుపట్టే బైట్ల నమూనాల) జాబితాలో వేల అప్లికేషన్లు ఉండొచ్చు గానీ, మీ బిల్లింగ్ సర్వర్‌తో మాత్రమే మాట్లాడే ప్రోగ్రాం అందులో ఎందుకుంటుంది? అందుకే లాగ్‌లో అది ‘అన్‌నోన్-టీసీపీ’ అని పడుతుంది. ఒక్కోసారి మామూలు వెబ్ బ్రౌజింగ్ అని కూడా పడుతుంది, అది ఇంకా ఇబ్బంది. ఇక్కడ ఎక్కువమంది చేసేది పోర్టు నంబరు ఒకటి తెరిచి చేతులు దులుపుకోవడం. రేపు అదే పోర్టులో ఇంకేం దూరినా ఫైర్‌వాల్ కిక్కురుమనదు.

సరైన దారి, ఆ ట్రాఫిక్‌కు ఒక సిగ్నేచర్ రాసి పేరు పెట్టడం. ఇందులో ఫైర్‌వాల్ స్క్రీన్ మీద చేసేది చివర్లో ఓ అరగంట పని. అసలు పనంతా ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి ఓపికగా చూడటంలో ఉంది. కింద మెనూల పేర్లు, లాగ్‌లోని మాటలు పాలో ఆల్టో ఫైర్‌వాల్ వాడుకలో ఉన్నాయి. ఫోర్టిగేట్ అయినా, స్నోర్ట్ ఆధారిత ఫైర్‌వాల్ అయినా పద్ధతి ఇదే, మెనూలే మారతాయి.

1. ముందు లాగ్‌ను సరిగ్గా చదవండి

అప్లికేషన్ పేరు తేలని చోట లాగ్‌లో కనిపించే మాటలన్నిటికీ ఒకే అర్థం లేదు. ‘ఇన్‌కంప్లీట్’ అని ఉంటే టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో రెండు వైపులా చేసుకునే పలకరింపు) పూర్తి కాలేదు, లేదా పూర్తయ్యాక ఒక్క బైటు డేటా కూడా రాలేదు. ఇది సిగ్నేచర్‌తో తీరే జబ్బు కాదు. సర్వర్ ఆగిపోయి ఉంటుంది, దారిలో ఇంకేదో అడ్డుకుంటూ ఉంటుంది, లేదంటే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పోర్టు తెరిచి ఉందో లేదో చూసి వెంటనే మూసేస్తూ ఉంటుంది. ‘ఇన్‌సఫిషియంట్-డేటా’ అంటే డేటా వచ్చింది కానీ పోల్చుకునేంత రాలేదు. ‘అన్‌నోన్-టీసీపీ’, ‘అన్‌నోన్-యూడీపీ’ అని ఉన్నప్పుడే, కావలసినంత డేటా చూశాక కూడా తెలిసిన ఏ నమూనాకూ అది సరిపోలేదని. మీ పని వీటితోనే.

కనీసం వారం రోజుల లాగ్ తీసి, వెళ్లే చిరునామా, పోర్టు వారీగా కూడండి. ఒక్క రోజుది చాలదు, ఆదివారం రాత్రి మాత్రమే నడిచే బ్యాచ్ పని అందులో కనబడదు. నెలాఖరు లెక్కలు తీసే ప్రోగ్రాం ఉంటే నెల దాటిన లాగే కావాలి.

అలాగే బైట్ల లెక్క రెండు దిక్కులా చూడండి. పంపినవి వేలల్లో ఉండి, తిరిగొచ్చినవి సున్నా అయితే జవాబు వేరే దారిలో వెళుతోందన్నమాట. ఫైర్‌వాల్‌కు సంభాషణలో సగమే వినబడుతున్నప్పుడు ఎంత మంచి సిగ్నేచర్ రాసినా గురి తప్పుతుంది. ముందు రూటింగ్ సరిచేయండి.

2. మాట్లాడుతున్న ప్రోగ్రాం ఏదో తేల్చుకోండి

పోర్టును చూసి ఊహించకండి. 49152 నుంచి 65535 వరకు ఉన్న పోర్టులు ఎవరి పేరునా నమోదు కావు. కింది నంబర్లను కూడా ప్రోగ్రామర్లు ఇష్టం వచ్చినట్టు వాడేస్తారు. నేరుగా ఆ మెషీన్ మీదికి వెళ్లండి. విండోస్‌లో నెట్‌స్టాట్ కమాండ్‌ను ఏ, ఎన్, ఓ ఆప్షన్లతో నడిపితే ప్రతి కనెక్షన్ చివర ప్రాసెస్ నంబరు వస్తుంది. దాన్ని టాస్క్ మేనేజర్‌లో వెతికితే ప్రోగ్రాం పేరు దొరుకుతుంది. లినక్స్‌లో ఎస్ఎస్ కమాండ్‌కు టీ, ఎన్, పీ ఆప్షన్లు ఇస్తే సరి, కాకపోతే రూట్ హక్కుతో నడపాలి.

ప్రోగ్రాం తెలిశాక దాన్ని చూసుకునేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. కనెక్షన్‌లో ముందు మాట్లాడేది క్లయింటా, సర్వరా? ఎన్‌క్రిప్షన్ ఉందా? మొదటి కనెక్షన్ తర్వాత వేరే పోర్టులో రెండో కనెక్షన్ తెరుస్తుందా? ఈ మూడోది అడగడం మరిచిపోతే తర్వాత తల పట్టుకోవాలి. ఎఫ్‌టీపీలా కబురు ఒక దారిలో, సరుకు ఇంకో దారిలో పంపే ప్రోగ్రాంలు ఉంటాయి. మీరు మొదటి దారికి సిగ్నేచర్ రాస్తారు, అది చక్కగా గుర్తుపడుతుంది, ఫైళ్లు మాత్రం కదలవు. డేటా కనెక్షన్‌కు సిగ్నేచర్ విడిగా కావాలి.

3. క్యాప్చర్ తీయండి, కనెక్షన్ పుట్టకముందే

సిగ్నేచర్‌కు పనికొచ్చే బైట్లు దాదాపు ఎప్పుడూ కనెక్షన్ మొదటి రెండు మూడు సందేశాల్లోనే ఉంటాయి. కాబట్టి క్యాప్చర్ (వెళ్లే ప్యాకెట్లను ఫైలులోకి పట్టుకోవడం) ముందు మొదలుపెట్టి, ఆ తర్వాతే ప్రోగ్రాంను తెరవాలి. అప్పటికే గంటల తరబడి నడుస్తున్న కనెక్షన్‌ను మధ్యలో పట్టుకుంటే దొరికేది కథలో నడిమి పేజీలే.

టీసీపీడంప్ అనే క్యాప్చర్ కమాండ్ వాడితే ప్యాకెట్ పొడవును కత్తిరించే ఆప్షన్ పెట్టకండి, పూర్తి ప్యాకెట్ కావాలి. ఫిల్టర్‌లో సర్వర్ చిరునామా, పోర్టు చాలు. ఫైర్‌వాల్ మీదే తీస్తుంటే రెండు చిక్కులు గుర్తుంచుకోండి. ఒకటి నాట్, అంటే చిరునామాల మార్పిడి: ఫైర్‌వాల్ లోపలికి వచ్చేటప్పుడు ఉన్న చిరునామా, బయటికి వెళ్లేటప్పుడు ఉండదు, కాబట్టి ఫిల్టర్ రెండిటికీ రాయాలి. రెండోది ఆఫ్‌లోడ్: పెద్ద మోడళ్లలో సెషన్ స్థిరపడ్డాక దాన్ని హార్డ్‌వేర్ చిప్‌కు అప్పగించేస్తారు, ఆ తర్వాత ప్యాకెట్లు క్యాప్చర్‌కు కనబడవు. మొదట నాలుగైదు ప్యాకెట్లు వచ్చి ఆపైన నిశ్శబ్దం అయిపోతే అనుమానించాల్సింది దీన్నే. క్యాప్చర్ తీసినంతసేపు ఆఫ్‌లోడ్ ఆపండి, పని కాగానే మళ్లీ వేయండి. ట్రాఫిక్ ఎక్కువుండే వేళ మాత్రం ఆపొద్దు, భారమంతా సీపీయూ మీద పడుతుంది.

సర్వర్ మీదే తీసిన క్యాప్చర్‌లో 1,500 బైట్లు దాటిన ప్యాకెట్లు కనబడితే కంగారు పడకండి. నెట్‌వర్క్ కార్డు వాటిని తర్వాత ముక్కలు చేసి పంపుతుంది. అయితే మీకు ఒకే ప్యాకెట్‌గా కనబడింది ఫైర్‌వాల్‌కు నాలుగు ముక్కలుగా చేరుతుందని గుర్తుంచుకోండి.

కనీసం మూడు క్యాప్చర్లు కావాలి: వేర్వేరు మెషీన్ల నుంచి, వేర్వేరు యూజర్లతో, వేర్వేరు రోజుల్లో. ఒకే మధ్యాహ్నం ఒకే కంప్యూటర్ నుంచి మూడుసార్లు తీస్తే అది ఒక్కసారి తీసినట్టే. ఎందుకో కింద లెక్కతో సహా తెలుస్తుంది.

4. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి

క్యాప్చర్ ఫైళ్లను చదివే వైర్‌షార్క్‌లో కనెక్షన్ మీద రైట్ క్లిక్ చేసి ఫాలో టీసీపీ స్ట్రీమ్ ఎంచుకుని, హెక్స్ డంప్‌గా (ఒక్కో బైటును రెండు అక్షరాల్లో రాసే పద్ధతిలో) చూపించమనండి. ఒక రంగులో క్లయింట్ పంపినవి, మరో రంగులో సర్వర్ పంపినవి వస్తాయి. క్లయింట్ మొదటి సందేశంలోని తొలి 16 బైట్లను మూడు ఫైళ్ల నుంచీ తీసి వరసగా రాసుకోండి. ఉదాహరణకు ఇలా ఉన్నాయనుకుందాం:

47 57 30 31 00 02 00 10 00 00 00 38 65 91 20 14
47 57 30 31 00 02 00 10 00 00 00 42 65 91 47 83
47 57 30 31 00 02 00 10 00 00 00 38 65 92 66 09

మొదటి రెండూ ఒకే రోజువి, మూడోది మర్నాటిది. ఇప్పుడు నిలువుగా చదవండి.

మొదటి నాలుగు బైట్లు మూడింట్లో ఒకటే. అక్షరాలుగా చూస్తే అవి ‘జీడబ్ల్యూ01’ అనే గుర్తు. ప్రోగ్రామర్లు తమ ప్రొటోకాల్ మొదట్లో ఇలాంటి గుర్తు పెట్టుకోవడం అలవాటు. తర్వాతి రెండు, 00 02, ప్రొటోకాల్ వెర్షన్. ఆ పైన 00 10, సందేశం రకం, ఇక్కడ లాగిన్. తర్వాతి నాలుగు బైట్లు పొడవు. చివరి నాలుగు సమయం, అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు.

అనుభవం లేని చెయ్యి ఇక్కడే జారుతుంది. మొదటి రెండు క్యాప్చర్లే ఉన్నాయనుకోండి. 65 91 రెండింట్లోనూ ఒకేలా ఉంది కదా అని దాన్ని కూడా సిగ్నేచర్‌లో కలిపేస్తారు. ఆ రోజంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సమయం విలువలో పై రెండు బైట్లు 65,536 సెకన్లకోసారి, అంటే సుమారు 18 గంటలకోసారి మారతాయి. 65 91 కాస్తా 65 92 అవుతుంది, మర్నాడు పొద్దున్నే ఫోన్లు మోగుతాయి. ఇంకా మాయలాడిది ఆ ఒక్క 65. మూడు క్యాప్చర్లలోనూ మారని బైటు అది. కానీ అది కూడా 194 రోజులకోసారి మారుతుంది. ఈ లెక్కన 2023 డిసెంబరు చివర్లో రాసిన సిగ్నేచర్ 2024 మార్చి 24న, ఎవరూ దేన్నీ ముట్టుకోకపోయినా, చచ్చిపోతుంది. మూడు నెలల క్రితం రాసింది ఎవరికి గుర్తుంటుంది?

పొడవులోని మొదటి మూడు సున్నాలదీ అదే సంగతి. సందేశం 255 బైట్లు దాటనంతవరకే అవి సున్నాలు. పొడవైన పేరున్న యూజర్ ఒకరు లాగిన్ అయితే చాలు, 00 00 01 అయిపోతుంది. అసలు సూత్రం ఏమిటంటే, ఒక బైటు మారలేదని కాదు, ఎందుకు మారదో చెప్పగలిగినప్పుడే దాన్ని తీసుకోవాలి. చెప్పలేకపోతే వదిలేయండి.

ఇలా వడపోస్తే మిగిలేవి 47 57 30 31 00 02, ఆపైన సందేశం రకంలోని మొదటి 00. మొత్తం ఏడు బైట్లు. సర్వర్ జవాబును కూడా ఇలాగే పోల్చండి. అది 47 57 30 31 00 02 80 10 అని మొదలవుతోందనుకుందాం, జవాబు కాబట్టి రకంలో పై బిట్ వెలిగింది. అందులోనూ మొదటి ఏడు చాలు.

5. ఏడు బైట్లే ఎందుకు?

పాలో ఆల్టోలో ప్యాటర్న్‌కు కనీసం ఏడు స్థిరమైన బైట్లు ఉండాలన్నది నిబంధన. తక్కువైతే ఒప్పుకోదు. చాదస్తంలా కనబడుతుంది గానీ, లెక్క వేసి చూడండి.

నిండా నడుస్తున్న ఒక గిగాబిట్ లింకులో పూర్తి సైజు ప్యాకెట్లు సెకనుకు 81 వేల చొప్పున వెళతాయి. ఒక్కో దాంట్లో 1,460 బైట్ల డేటా. అందులో ఉన్నది ఎన్‌క్రిప్ట్ అయిన డేటా, అంటే దాదాపు గుడ్డిగా పోసిన బైట్లు అనుకుందాం. రెండు బైట్ల ప్యాటర్న్‌ను ఎక్కడ కనబడినా సరే అని వెతికితే 45 ప్యాకెట్లకు ఒకటి పొరపాటున తగులుతుంది, సెకనుకు 1,800 సార్లు. నాలుగు బైట్లకు పెంచితే సుమారు 30 లక్షల ప్యాకెట్లకు ఒకటి. చాలా అరుదు అనిపిస్తుంది కదా? ఆ లింకులో 36 సెకన్లకోసారి. అదే ఏడు బైట్లయితే 19 ఏళ్లకోసారి.

ఈ లెక్క గుడ్డి బైట్లకే. సున్నాలు, ఖాళీలు, మామూలు ఇంగ్లిష్ మాటలు నిజమైన ట్రాఫిక్‌లో కుప్పలు తెప్పలుగా ఉంటాయి. ఏడు సున్నాల ప్యాటర్న్ లెక్క ప్రకారం ఏడు బైట్లే, కానీ ఏ ఫైల్ కాపీలోనైనా తగులుతుంది. ‘లాగిన్’, ‘వెర్షన్’, ‘యూజర్‌నేమ్’ లాంటి మాటలూ అంతే. ప్యాటర్న్ ఎంచుకున్నాక, మీ నెట్‌వర్క్‌లో మామూలు పనివేళ తీసిన ఒక పెద్ద క్యాప్చర్‌లో దాన్ని వెతికి చూడండి. మీ అప్లికేషన్ కాని చోట ఒక్కసారి కనబడినా మళ్లీ నాలుగో అడుగుకు వెళ్లాల్సిందే.

ప్యాటర్న్ ఎక్కడ ఉండాలో కట్టడి చేయగలిగితే బలం ఇంకా పెరుగుతుంది. స్నోర్ట్‌లో ఆఫ్‌సెట్ 0, డెప్త్ 7 అని పెడితే డేటా మొదట్లో తప్ప ఇంకెక్కడా వెతకదు. అదనంగా సీపీయూ కూడా మిగులుతుంది.

6. ఎన్‌క్రిప్షన్ ఉంటే

చాలా సొంత అప్లికేషన్లు ఇప్పుడు టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వాడే ఎన్‌క్రిప్షన్) మీదే నడుస్తాయి. అప్పుడు లోపలి బైట్లు కనబడవు, బయట కనబడే దానితోనే సరిపెట్టుకోవాలి. ఒకప్పుడు సర్వర్ సర్టిఫికెట్‌లోని పేరును పట్టుకునేవాళ్లు. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో సర్టిఫికెట్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది. కాబట్టి సర్వర్‌ను 1.2 నుంచి 1.3కు మార్చిన రోజున పాత సిగ్నేచర్లు మూగబోతాయి. మిగిలేది ఎస్ఎన్ఐ, అంటే క్లయింట్ తన మొదటి సందేశంలో చెప్పే సర్వర్ పేరు. సొంత సర్వర్‌కు ప్రత్యేకమైన పేరు ఉంటే సిగ్నేచర్‌కు అది చాలు. పేరులోని చుక్కల ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం మరవకండి. ప్యాటర్న్ భాషలో ఒంటి చుక్కకు ‘ఏ అక్షరమైనా’ అని అర్థం. క్లయింట్ పేరుతో కాకుండా ఐపీ చిరునామాతో కనెక్ట్ అయితే ఎస్ఎన్ఐ ఉండదు, అదీ ఒకసారి చూసుకోండి.

ఈ మధ్య కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. క్వాంటమ్ కంప్యూటర్లను తట్టుకునే కీ మార్పిడిలో క్లయింట్ పంపే కీ ఒక్కటే 1,216 బైట్లు. 2024లో క్రోమ్ 124 దీన్ని కంప్యూటర్లలో డిఫాల్ట్‌గా మొదలుపెట్టింది. దాంతో క్లయింట్ తొలి సందేశం తరచూ ఒక ప్యాకెట్‌లో పట్టక రెండుగా విడిపోతోంది. ప్యాకెట్లను కలిపి చదవలేని పాత ఫైర్‌వాల్ రెండో ముక్కలో ఉన్న ఎస్ఎన్ఐని చూడలేదు. బ్రౌజర్ నుంచి గుర్తుపట్టడం లేదు, పాత క్లయింట్ నుంచి గుర్తుపడుతోంది అంటే ముందు దీన్ని అనుమానించి, ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూడండి.

ఎస్ఎన్ఐ చాలని సందర్భం, ఒకే సర్వర్ పేరు మీద పది అప్లికేషన్లు నడవడం. అప్పుడు డీక్రిప్షన్ తప్పదు. సర్వర్ మీ సొంతమే కాబట్టి దాని సర్టిఫికెట్‌ను, ప్రైవేట్ కీని ఫైర్‌వాల్‌లో వేసి లోపలికి వచ్చే కనెక్షన్లను విప్పి చూడొచ్చు. విప్పాక హోస్ట్ హెడర్, యూఆర్ఐ పాత్, యూజర్ ఏజెంట్ అన్నీ దొరుకుతాయి. వీటిలో పాత్, అంటే చిరునామాలో సర్వర్ పేరు తర్వాతి భాగం, నమ్మదగ్గది. క్లయింట్ తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్‌ను ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. క్లయింట్ సర్టిఫికెట్ కూడా అడిగే సర్వర్ల దగ్గర డీక్రిప్షన్ కనెక్షన్‌నే తెంచుతుంది. వాటిని మినహాయించండి.

హెచ్‌టీటీపీ/2 అయితే ఇంకో మాట. అందులో హెడర్లు కుదించి వెళతాయి, హోస్ట్ హెడర్ స్థానంలో అథారిటీ అనే మరో ఫీల్డ్ ఉంటుంది. డీక్రిప్ట్ చేసిన బైట్లలో సర్వర్ పేరును ముడిగా వెతికితే దొరకదు. ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీ/2ను విడదీసి చూపించే ఫీల్డ్ మీదే ప్యాటర్న్ రాయాలి.

7. ఇప్పుడు ఫైర్‌వాల్‌లో రాయండి

ఆబ్జెక్ట్స్‌లో అప్లికేషన్స్‌కు వెళ్లి కొత్తది చేర్చండి. పేరులో వెర్షన్ నంబరు ఇరికించకండి, రేపు వెర్షన్ మారినప్పుడు పాలసీలన్నీ తిరగరాయాల్సి వస్తుంది. కేటగిరీ, రిస్క్ రిపోర్టుల కోసం, నిజాయితీగా నింపితే చాలు. వెబ్ మీద నడిచేదైతే పేరెంట్ యాప్‌గా వెబ్-బ్రౌజింగ్‌ను చూపండి.

అడ్వాన్స్‌డ్‌లో పోర్టులు రాయండి. పాలసీలో సర్వీస్‌ను ‘అప్లికేషన్-డిఫాల్ట్’ అని పెడితే ఇక్కడ రాసిన పోర్టులే చెల్లుతాయి. ఫైళ్లు, వైరస్‌ల స్కానింగ్ గుర్తులు ఇక్కడే ఉంటాయి, వాటిని వెలిగించండి.

టైమౌట్ల దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఏమీ రాయకపోతే టీసీపీకి 3,600 సెకన్లు, యూడీపీకి 30 సెకన్లు. ఇక లినక్స్ తన టీసీపీ కీప్ఎలైవ్‌ను (కనెక్షన్ బతికే ఉందా అని అడిగే ప్యాకెట్‌ను) డిఫాల్ట్‌గా 7,200 సెకన్లకు గానీ పంపదు. అంటే రాత్రంతా కదలకుండా ఉండే కనెక్షన్‌ను ఫైర్‌వాల్ గంటకే మరిచిపోతుంది. సర్వర్ మాత్రం అది బతికే ఉందనుకుంటుంది. పొద్దున్న మొదటి లావాదేవీ గాల్లో కలిసిపోతుంది. ‘రోజూ ఉదయం మొదటిసారి మాత్రమే ఫెయిల్ అవుతుంది’ అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. సర్వర్‌లో కీప్ఎలైవ్‌ను 600 సెకన్లకు తగ్గించడం మేలైన పరిష్కారం. అది కుదరకపోతే ఈ అప్లికేషన్ వరకే టైమౌట్‌ను 7,200 దాటించండి. మొత్తం ఫైర్‌వాల్ టైమౌట్ పెంచకండి, సెషన్ టేబుల్ నిండిపోతుంది.

సిగ్నేచర్స్‌లో కొత్తది చేర్చి, స్కోప్ ‘సెషన్’ అని పెట్టండి. మన ప్యాటర్న్‌లు ఒకటి రిక్వెస్ట్‌లో, ఒకటి జవాబులో ఉన్నాయి కదా. మొదటి షరతుకు అన్‌నోన్ టీసీపీ రిక్వెస్ట్ పేలోడ్ కాంటెక్స్ట్, రెండో దానికి రెస్పాన్స్ పేలోడ్. హెక్స్ బైట్లను ఖాళీలు లేకుండా కలిపి రాసి, ముందూ వెనకా బ్యాక్‌స్లాష్, ఇంగ్లిష్ చిన్న ఎక్స్ పెట్టాలి. చివరి గుర్తు మరిచిపోతే ప్యాటర్న్ అనుకున్నట్టు పనిచేయదు.

రెండు షరతులనూ ‘అండ్’తో కలిపితే పొరపాటు గుర్తింపులు పోతాయి, కానీ సర్వర్ జవాబిచ్చేదాకా పేరు తేలదు. రిక్వెస్ట్ ఒక్కటే తగినంత ప్రత్యేకంగా ఉంటే అది చాలు. పాత, కొత్త వెర్షన్లు రెండూ నడుస్తున్న కాలంలో 00 03 ఉన్న మరో ప్యాటర్న్‌ను ‘ఆర్’తో జోడించండి.

8. పాలసీలో పెట్టడం, పరీక్షించడం

కమిట్ చేయగానే, అంటే మార్పులను అమల్లోకి తేగానే, లాగ్ చూసి ‘ఇంకా అన్‌నోన్ అనే వస్తోంది’ అని సిగ్నేచర్‌ను పీకి మళ్లీ రాయకండి. అప్పటికే నడుస్తున్న సెషన్లు పాత పేరుతోనే సాగుతాయి. ఆ సర్వర్‌కు ఉన్న సెషన్లను క్లియర్ చేసి, ప్రోగ్రాంను మూసి తెరిచి, కొత్త కనెక్షన్‌ను చూడండి.

పాలసీలో మొదట కొత్త అప్లికేషన్ పేరుతో అనుమతించే రూల్‌ను పైన పెట్టండి. పోర్టు తెరిచిన పాత రూల్‌ను కిందే ఉంచి లాగింగ్ వేయండి. కొన్నాళ్లు రెండూ నడవనివ్వండి. పాత రూల్‌కు ఇంకా ఏవైనా తగులుతుంటే అవి సిగ్నేచర్ వదిలేసినవి, లేదా ఆ పోర్టులో దూరిన వేరేవి. ఒక్కోదాన్నీ తేల్చుకుంటూ, తగలడం ఆగాకే పాతదాన్ని తీసేయండి.

వెబ్ అప్లికేషన్లకు పేరు పెట్టినప్పుడు తలకిందులయ్యే సంగతి ఒకటుంది. నిన్నటివరకు ఆ ట్రాఫిక్ వెబ్-బ్రౌజింగ్ అనే పేరుతో మామూలు రూల్‌లో వెళ్లిపోయేది. ఇవాళ దానికి కొత్త పేరొచ్చింది, ఆ పేరు ఏ రూల్‌లోనూ లేదు, కాబట్టి ఆగిపోతుంది. పేరు పెట్టడం, రూల్‌లో చేర్చడం రెండూ ఒకే కమిట్‌లో జరగాలి.

పరీక్ష రెండు వైపులా చేయాలి. అప్లికేషన్‌లో లాగిన్, పెద్ద ఫైల్, తెగిన కనెక్షన్ మళ్లీ కలవడం, తప్పు పాస్‌వర్డ్, అన్నీ చేసి చూడండి. తెగి కలిసినప్పుడు కొన్ని ప్రోగ్రాంలు లాగిన్ సందేశం పంపకుండా వేరే రకంతో మొదలుపెడతాయి. మన ప్యాటర్న్ రకంలోని మొదటి 00 దగ్గర ఆగింది కాబట్టి ఆ తేడాను తట్టుకుంటుంది, 10 దాకా పోయి ఉంటే చిక్కుకునేది. రెండో వైపు, కొత్త పేరు మీద పడిన లాగ్ మొత్తంలో ఆ సర్వర్ కాని చిరునామా ఏదైనా ఉందా చూడండి. ఉంటే ప్యాటర్న్ వదులుగా ఉందన్నమాట.

ఏదీ కుదరకపోతే

సొంత ఎన్‌క్రిప్షన్ వాడుతూ, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా గుడ్డి డేటాలా కనబడే ప్రోగ్రాంలు ఉంటాయి. వాటికి సిగ్నేచర్ రాయలేరు. అప్పుడు అప్లికేషన్ ఓవర్‌రైడ్ ఉంది: ఈ చిరునామా నుంచి ఈ చిరునామాకు ఈ పోర్టులో వెళ్లేదంతా ఫలానా అప్లికేషన్ అని చెప్పేయడం. సులువే. కానీ సొంత అప్లికేషన్‌కు ఇలా చేస్తే ఆ సెషన్‌లో లోపలి తనిఖీ మొత్తం ఆగిపోతుంది. వైరస్ వెళ్లినా, దాడి వెళ్లినా ఫైర్‌వాల్ చూడదు. అందుకే సోర్స్‌లోనూ డెస్టినేషన్‌లోనూ ‘ఎనీ’ పెట్టకండి, మెషీన్ చిరునామాలు విడివిడిగా రాయండి. సిగ్నేచర్ రాయడానికి బద్ధకించి ఓవర్‌రైడ్ వాడటం మాత్రం పోర్టు తెరిచి వదిలేయడం కన్నా ఏమంత మెరుగు కాదు.

ప్రోగ్రాం రాసేవాళ్లు మీ సంస్థలోనే ఉంటే ఇంకా మంచి దారి ఉంది. తర్వాతి వెర్షన్‌లో ప్రతి కనెక్షన్ మొదటి సందేశంలో, ఎన్‌క్రిప్షన్‌కు ముందు, ఎన్నటికీ మారని 8 బైట్ల గుర్తు పెట్టమని అడగండి. వాళ్లకు అది ఒక్క లైను పని.

పని పూర్తయ్యాక మూడు క్యాప్చర్ ఫైళ్లనూ, ఏ బైటు ఎందుకు తీసుకున్నారో రాసిన నోటునూ సిగ్నేచర్ పేరుతోనే దాచండి. క్యాప్చర్లలో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు కాబట్టి, అందరూ తెరవగల ఫోల్డర్‌లో పెట్టకండి. అప్లికేషన్ కొత్త వెర్షన్ వచ్చే ముందు టెస్ట్ సర్వర్ నుంచి నాలుగో క్యాప్చర్ తీసుకుని, ఈ మూడింటి కింద వరసగా పెట్టి చూడండి.